సొరియాల వారి బిలం

ఇల్లంతా కూలింది గానీ గడప రాయి మాత్రం కదలనంది. ఆనకట్ట నీళ్లు అప్పటికే పాలరేవు పొలాలను ముంచి ఊరి పొలిమేరకు చేరాయి. జనం దూలాలూ తలుపులూ విప్పుకుని ట్రాక్టర్ల మీద కొత్త కాలనీకి తరలిపోతున్నారు. సొరియాల ఇన్నమ్మ మాత్రం పట్టు విడవలేదు. తాతల నాటి రాయిని నీళ్లపాలు చేసేది లేదంటూ, తన బోరు లారీకి ఇనుప గొలుసు కట్టి, రెండో కొస రాతికి బిగించి, తనే స్టీరింగు పట్టింది. లారీ గర్జించింది. రాయి పెకలి, దుమ్ము లేపుకుంటూ వెల్లకిలా తిరగబడింది.

"అక్కా! ఆపు, ఆపు! దీని అడుగున ఏందో చెక్కి ఉందే!" అని కేక పెట్టాడు ఆమె చిన్నాన్న కొడుకు రాయప్ప.

ఇన్నమ్మ లారీ దిగి పరుగున వచ్చి కొంగుతో మట్టి తుడిచింది. పగిలిన దానిమ్మకాయ బొమ్మ. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లాగే ఉండి ఆ ఊళ్లో ఎవరికీ అర్థం కాని మాటలు ఒక వరస. వాటి కింద మెలిక తిరిగిన ఏరు, ఏటి ఒడ్డున ఒక కొండ, కొండ నడుమ చిన్న రంధ్రం. ఆ కొండను పాలరేవులో పుట్టిన వాళ్లెవరైనా గుర్తుపడతారు. కృష్ణకు అవతల అడవిలోంచి ముందుకు పొడుచుకొచ్చిన గద్దముక్కు గుట్ట అది.

తమ పూర్వీకుడెవరో కొల్లూరు వజ్రాల గనుల దగ్గర రవ్వలు కొన్న షావుకారనీ, పోతూ పోతూ వాటిని ఏదో బిలంలో దాచాడనీ సొరియాల వారిళ్లల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. రాయప్ప కళ్లు ఆ మాట తలుచుకుని మెరిశాయి. ఇన్నమ్మ మనసులో ఉన్నది వేరు. ఇంటిపేరంటే ఊరి పేరేనని ఆమె నమ్మకం. దుగ్గిరాల వారికి దుగ్గిరాల ఉంది. తాడికొండ వారికి తాడికొండ ఉంది. మరి సొరియాల ఏ తాలూకాలో ఉంది? చర్చి ఫాదరును అడిగింది, రెవెన్యూ వాళ్లను అడిగింది, బోర్లు వేయడానికి వెళ్లిన ప్రతి ఊళ్లోనూ వాకబు చేసింది. తెలుసన్నవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు పుట్టిన ఊరు కూడా మునిగిపోతోంది. ఆ పేరు ఎక్కడిదో తేల్చుకోకుండా ఇక్కడి నుంచి కదలకూడదని ఆ పూటే నిశ్చయించుకుంది.

రాయప్ప ఫోనులో తీసిన రాతి ఫొటో చేతులు మారి మారి విశాఖపట్నం చేరింది. కొద్ది రోజులకే, తెల్ల గడ్డం, చామనచాయ ఉన్న పొట్టి ముసలాయన ఒకడు పొద్దున బస్సు దిగి, వెతుక్కుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"నమస్కారమమ్మా. నా పేరు మతియాసు. మాది ఫిలిప్పీన్సు. ఓడల్లో పనిచేసేను, విశాఖలోనే ఉండిపోయేను. నా ఇంటిపేరు సొరియానో."

ఇన్నమ్మ ఆయన్ను గడప రాతి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన సంచి దించి రాతి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చూపుడువేలు అక్షరాల వెంట నడిపించాడు.

"స్పానిష్ భాషమ్మా ఇది, చాలా పాతది. 'సొరియా మనిషి ఎవరైనా సరే, లోపలికి రావాలి' అని చెక్కేరు."

"సొరియా అంటే ఏంది?"

"ఊరు. స్పెయిన్ దేశంలో దుయేరో అని ఒక నది ఉంది, దాని ఒడ్డున. అక్కడి నుంచి బయలెల్లినోళ్లని బయటోళ్లు సొరియానో అన్నారు. నేను వెళ్లి చూసీసేను కూడా. ఒకటే చలి."

ఉంది. ఆ ఊరు ఉంది. ఇన్నమ్మ ఆయన సంచి అందుకుంది. "ఇంటిపేరు ఒకటయ్యాక నువ్వు మాకు బాబాయ్ వరస. లే, కాళ్లు కడుక్కుని రెండు మెతుకులు తిను. తిన్నాక గుట్టకు పోదాం."

"ఇయ్యాలేనా?" అన్నాడు రాయప్ప. "పై డ్యాము తలుపులెత్తారని జీపులో మైకు పెట్టి చెప్తన్నారు గదే!"

"అందుకే ఇయ్యాల. రేపటికి ఆ గుట్ట నడుముదాకా నీళ్లుంటయ్."

ముగ్గురూ ఎక్కిన వెదురు పుట్టి ఏటి సుడుల్లో గిరగిర తిరుగుతూ, చచ్చీ చెడీ అవతలి ఒడ్డు చేరింది. అక్కడి నుంచి చండ్ర చెట్ల అడవి. ముళ్లు బట్టలు పట్టి లాగుతున్నాయి. ఎండిన ఆకుల కింద రాళ్లు జారుతున్నాయి. ఇన్నమ్మ భుజాన గడ్డపార, నడుముకు తాడు చుట్టుకుని ముందు నడిచింది. వెనకాల మతియాసు కర్ర పోటేసుకుంటూ, ఆయాసపడుతూనే కబుర్లు చెప్పాడు. సొరియాలో ఉన్న యూదులను మతం మారమన్నారట, మారని వాళ్లను రాజు వెళ్లగొట్టాడట. వాళ్లు వెంట తీసుకుపోగలిగింది ఊరి పేరొక్కటే. గ్రీసు దేశం వైపు రోడ్సు దీవిలో వాళ్ల సమాధులు తను కళ్లారా చూశాడట. ఇటలీ రేవుల్లో వాళ్ల దుకాణాలుండేవి. మతం మారిన వాళ్లూ, ముందునుంచీ కిరస్తానం వాళ్లే అయిన వాళ్లూ సిపాయిలుగా, నావికులుగా మెక్సికో పోయారు, అర్జెంటీనా పోయారు, మనీలా పోయారు.

"ఇక్కడికి రవ్వల కోసం వచ్చి ఉంటాడమ్మా మీ తాత," అన్నాడు. "వజ్రం ఎక్కడుందంటే అక్కడికి ఆ రోజుల్లో ఓడ కట్టీసేవోళ్లు."

గుట్ట నడుముకు చేరేసరికి కింద నది రంగు మారింది. ఎర్రటి కొత్త నీరు చెట్ల మొదళ్లను నాకుతూ పైకి వస్తోంది. తుప్పలు నరికితే రంధ్రం కనబడింది. ముగ్గురూ తలలకు టార్చిలైట్లు బిగించుకుని బోర్లా పడుకుని పాకారు. మోచేతులు దోక్కుపోయాయి. సొరంగం ఒక్కసారిగా విచ్చుకుని ఇల్లంత గదిలోకి దింపింది. పైన వేలాడుతున్న గబ్బిలాలు కిచకిచమంటూ చెదిరాయి.

"అమ్మా! గోడ! గోడ చూడు!" అని అరిచాడు మతియాసు.

నున్నటి సున్నపురాతి గోడ నిండా పేర్లు. అన్నిటికన్నా పైన, గడప రాతి మీది దానిమ్మకాయే. దాని కింద పేరు, పేరు పక్కన ఊరు. ఆయన వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. "ఇసాకు సొరియానో. రోడ్సు నుంచి. ఇది అతని అన్న కొడుకు, ఇటలీ నుంచి. ఇది యూదుల రాత, నాకు రాదు, రోడ్సు సమాధుల మీద మాత్రం ఇదే చూసేను. ఇది... ఇది మనీలా! మనీలా నుంచి ఒకడు వచ్చేడమ్మా ఇక్కడికి!"

కిందికి వచ్చేకొద్దీ రాత మారింది. ఇన్నమ్మ లైటు దగ్గరగా పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "యిసాకు కొడుకు యాకోబు, సొరియానవారు, కొల్లూరు." దాని కింద "సొరియాల రాయప్ప, పాలరేవు." తమ్ముడికి పెట్టింది ఆ తాత పేరే. సముద్రాలు దాటిన పేరు తన కళ్ల ముందే తెలుగై, తన ఇంటి గడప తొక్కింది. ఆమె అరచేతిని ఆ అక్షరాల మీద ఆనించింది.

ఈలోగా రాయప్ప గది చివర కిందికి దిగే ఇరుకు సందులో దూరాడు. "అక్కా! దొరికింది! దొరికిందే!" అన్న కేక లోపలి నుంచి గంటలా మోగింది.

ఇద్దరూ అటు దిగారు. కింది గది గూట్లో రాగి బిందె. మూతిదాకా మట్టి కూరి ఉంది. రాయప్ప వేలితో పెళ్లగించగానే సబ్బు ముక్కల్లా జిడ్డుగా మెరిసే సానపెట్టని రవ్వలు చేతిలోకి రాలాయి. అతడు బిందెను బిడ్డలా కావలించుకున్నాడు.

"బాబాయ్, నీ పేరూ ఆ గోడ మీద చెక్కు," అంది ఇన్నమ్మ.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "నేను చెక్కకూడదమ్మా. మా దేశంలో ఒకప్పుడు చాలామందికి ఇంటిపేర్లే లేవు. తెల్లదొరలు పెద్ద జాబితా తెచ్చి, ఊరూరా పేర్లు పంచీసేరు. మా ముత్తాతకి ఇది అలా వచ్చింది. నా ఒంట్లో సొరియా రక్తం ఉందో లేదో నాకే తెలీదు. ముందే చెప్పాల్సింది. బాబాయ్ అని పిలిచేవు, నోరు రాలేదు."

రాయప్ప బిందెను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "అట్టా చెప్పు! నువ్వు మావోడివే కాదన్నమాట. అయితే దీంట్లో నీకు చిన్న రాయి గూడా రాదు."

"నోర్ముయ్యరా!"

ఆ మాట పూర్తయిందో లేదో గుట్ట కడుపులోంచి గుడగుడమని చప్పుడు పుట్టింది. గది అడుగున పగుళ్లలోంచి ఎర్రనీళ్లు ఊటల్లా ఎగజిమ్మాయి. ఎక్కడో రాయి చిట్లింది.

"పైకి! పైకెక్కండి!" అని అరిచింది ఇన్నమ్మ.

రాయప్ప బిందెతో ముందు ఉరికాడు. ఇన్నమ్మ వెనక్కి తిరిగి ముసలాయన చెయ్యి అందుకోబోయింది. అంతలో కప్పులోంచి తలుపంత బండ ఊడి పడింది. ఆయన కెవ్వుమన్నాడు. బండ కింద కాలు మోకాలిదాకా ఇరుక్కుంది. నీళ్లు ఆయన నడుము దాటుతున్నాయి.

ఇన్నమ్మ గడ్డపార బండ కిందికి దూర్చి బలమంతా వేసింది. పార మట్టిలో దిగబడిపోయింది తప్ప బండ కదల్లేదు. చేతికందిన రాయిని పార కింద ఎత్తుగా పెట్టింది. నానిన సున్నపురాయి పటుక్కున పిండైంది. ఇంకొకటి పెట్టింది. అదీ అంతే.

"వెళ్లిపో అమ్మా. నేను సముద్రంలో పోవాల్సినోడిని. ఇదీ నీళ్లే కదా," అన్నాడు మతియాసు.

"నువ్వు మాట్లాడకు బాబాయ్! రాయప్పా! ఆ బిందె ఇటు తే!"

రాయప్ప సందు మొదట్లో నిలబడి ఉన్నాడు. "ఏందక్కా నువ్వనేది? పార కింద పెడితే పగిలిపోద్ది! అంతా నీళ్లలో కలిసిపోద్ది!"

"గట్టిగా ఉన్నది అదొక్కటే ఇక్కడ! తే!"

"మనోడు కాదని ఆయనే చెప్పాడు గదే!"

ఇన్నమ్మ పార వదల్లేదు. ఒక్కతే మళ్లీ దాని మీద పడి తోసింది. పాదాలు జారాయి, గడ్డం బండకు కొట్టుకుని నెత్తురు కారింది, అయినా మళ్లీ లేచి తోసింది. నీళ్లు ముసలాయన గుండెకు చేరాయి. ఆయన కళ్లు మూసుకుని తన భాషలో ఏదో గొణుగుతున్నాడు.

రాయప్ప బిందెలోకి ఒకసారి చూసుకున్నాడు. తర్వాత బూతు ఒకటి నోరారా తిట్టి, నీళ్లలోకి దూకాడు. బిందెను పార కిందికి తన్ని, భుజంతో పారను ఎత్తిపట్టాడు.

"కలిసి తొయ్యి అక్కా! ఊఁ... హైస్సా!"

రాగి కీచుమంది. నడుము సొట్టపోయింది. ఒక్క క్షణం నిలిచింది. బండ జానెడు లేచింది.

"లాగు! లాగు బాబాయ్!"

మతియాసు చేతుల మీద వెనక్కి పాకాడు. కాలు బయటపడింది. మరుక్షణం బిందె పెడేలున చీలింది. మట్టీ, రాళ్లూ, రవ్వలూ ఎర్రనీళ్ల సుడిలో గిర్రున తిరిగి, అడుగున నోరు తెరిచిన పగులులోకి జారిపోయాయి. రాయప్ప చెయ్యి చాపాడు. పిడికెడు బురద దక్కింది.

పైగదిలోకి ఈడ్చుకొచ్చేసరికి వచ్చిన సొరంగం నీళ్లతో నిండిపోయి ఉంది. దారి మూసుకుపోయింది. అంతలో గబ్బిలాల గుంపు తలమీదుగా రివ్వున పోయింది. అవి ఎటు పోతున్నాయో లైటు అటు తిప్పింది. గది మూలన నిట్టనిలువు చిమ్నీలాంటి పగులు, దాన్లోంచి వేలాడుతున్న జువ్విచెట్టు వేళ్లు, ఎక్కడో పైన రూపాయంత వెలుగు.

"ఎక్కరా! ముందు నువ్వెక్కి తాడు లాగు. కింద నేను మోస్తా!"

రాయప్ప ఆమె నడుముకున్న తాడు తీసుకుని, జువ్వి వేళ్లు పట్టుకుని పైకి పాకాడు. తాడు దిగింది. ఇన్నమ్మ ముసలాయన చంకల కింద ముడి బిగించి, ఆయన మంచి కాలిని తన భుజం మీద పెట్టుకుంది. పైకి వెళ్లబోతూ ఒక్కసారి గోడ మీదికి లైటు వేసింది. నీళ్లు పాలరేవు పేరును ముంచి, కొల్లూరు పేరును తాకుతున్నాయి. ఆమె పై నుంచి కింది దాకా గుర్తున్న పేర్లన్నీ బిగ్గరగా ఒప్పజెప్పుకుంటూ ఎక్కింది. చేతులు చీరుకుపోయాయి. మట్టి కళ్లలో పడింది. ఎక్కడా ఆగలేదు.

గుట్ట నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండలో ముగ్గురూ వెల్లకిలా పడిపోయారు. కింద నుంచి గుట్ట దీర్ఘంగా నిట్టూర్చినట్టు గాలి వచ్చింది, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. రాయప్ప పిడికిలి విప్పి, బురదను వేళ్లతో నలిపి చూశాడు. ఏమీ లేదు. గడ్డిలో చెయ్యి తుడుచుకున్నాడు.

"మూడొందల ఏళ్లు దాక్కున్నయ్. ఇంకో మూడొందల ఏళ్లు దాక్కోనియ్," అని లేచి, ముసలాయన విరిగిన కాలికి రెండు చండ్ర కొమ్మలు బద్దలుగా కట్టడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ ఆయన్ను మార్చి మార్చి మోసుకుంటూ గుట్ట వెనక రోడ్డు దాకా దిగారు. కట్టెల ట్రాక్టరు ఒకటి ఎక్కించుకుని మాచర్ల ఆస్పత్రికి చేర్చింది. డాక్టరు లోపల కాలు చూస్తున్నంతసేపూ అక్కాతమ్ముళ్లు నెత్తురు మరకలతో, మట్టి కొట్టుకున్న బట్టలతో వరండాలో నిలబడే ఉన్నారు.

తలుపు తెరుచుకుంది. నర్సమ్మ తొంగి చూసింది.

"కాలు విరిగిన ముసలాయన... పేషెంటు తాలూకు ఎవరండీ?"

ఇన్నమ్మ నోరు తెరిచేలోపే రాయప్ప ముందుకు నడిచాడు.

"మేమే," అన్నాడు. "సొరియాల వారం."