గోడ మింగిన ఒత్తు

"లోపలున్న బావ బయటికి రావాలి! దాచుకుంటే మనకే నష్టం!"

చెక్క గోడ అవతలి నుంచి ఈ మాట వినపడగానే లెక్కల సారు చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది. గుండె ఎన్ని ముక్కలైందో ఆయనకే లెక్క తేలలేదు.

అవతల ఏడో తరగతికి పాఠం చెబుతున్నది మనసు మేడం. కోపమొస్తే ఏం చెయ్యాలి, అలిగిన స్నేహితుణ్ణి ఎలా పలకరించాలి, ఏడుపొస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఇదీ ఆవిడ సబ్జెక్టు. అందులో పరీక్షల్లేవు, మార్కుల్లేవు. అయినా ఆర్నెల్లుగా సారు ఆ సబ్జెక్టులో తప్పుతూనే ఉన్నాడు. ఈ శుక్రవారం ధైర్యం చేసి ఆవిడకి మనసులో మాట చెప్పేద్దామనుకున్నాడు. ఇంతలో ఈ బావ ఊడిపడ్డాడు! అదీ లోపలట!

ఆ సోమవారం నుంచి మనిషి కుదురుగా కూర్చుంటే ఒట్టు. స్టాఫ్‌రూములో కుర్చీ మారతాడు, కిటికీ దాకా వెళ్లొస్తాడు, తాగని టీని తెగ కలుపుతాడు.

"ఏంటి సార్, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు?" అంది మనసు మేడం.

"చుట్టుకొలత తీస్తున్నానండీ."

"గదిదా?"

"నా ఖర్మది!"

శుక్రవారం రానే వచ్చింది. జేబులో బదిలీ ఫారం. సాయంత్రం గంట కొట్టేలోపు ప్రిన్సిపాల్ చేతిలో పెడితే, సోమవారం నుంచి ఊరికి ఆ చివరున్న బ్రాంచిలో ఉద్యోగం. 'కారణం' అన్న గడి మాత్రం ఖాళీ.

ఆఖరి పీరియడ్‌లో, స్కేలు అడిగే వంకతో ఒక్కసారి చూసి పోదామని ఏడో తరగతిలోకి వెళ్లాడు. అక్కడ తాడు కట్టి అట్టముక్కలు వేలాడదీశారు: సంతోషం, భయం, కోపం, అసూయ. ఇవాళ మనసెలా ఉందో ఆ అట్టకి ఎవరి బట్టల క్లిప్పు వాళ్లు తగిలించాలి.

"మేడం, సారుకీ ఓ క్లిప్పివ్వండి!" అని అరిచింది ముందు బెంచీ పిల్ల. అది మనసు మేడం సొంత చెల్లెలు.

సారు చెయ్యి సంతోషాన్ని దాటి, భయం దగ్గర తచ్చాడి, అసూయ మీద టక్కుమంది.

"ఎవరి మీద సార్?" క్లాసంతా ఒకటే గోల.

"ఇక్కడ అబద్ధం చెప్పకూడదు సార్, రూలు!" అంది చెల్లెలు.

సారు చెప్పేశాడు: "మీ మేడంగారి బావ మీద."

"నాకు బావెక్కడున్నాడండీ?"

"లోపల! బయటికి రావాలని సోమవారం గొంతు చించుకున్నది మీరేగా!"

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి ప్రిన్సిపాల్ వచ్చారు. "సార్, బదిలీ ఫారం ఇస్తానన్నారు? అవునూ, ఎవరా బావ?"

"బదిలీయా?" ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది. గబగబా బోర్డు మీద రెండు మాటలు రాసింది: భావం, బావ.

"అందరూ వినండి. నేనన్నది, లోపలున్న *భావం* బయటికి రావాలని. ఫ్యాను హోరులో ఆ చెక్క గోడ ఒత్తు మింగేసింది. ఒత్తు పోతే పోయింది, లెక్కల సారై ఉండి సున్నా ఎలా పోగొట్టుకున్నారండీ?"

పిల్లలు బల్లలు బాదారు. ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి మరీ నవ్వారు.

"ఒత్తు ఎక్కడికీ పోలేదండీ," అన్నాడు సారు. "నాలుగు రోజులుగా ఒత్తిడై నా నెత్తినే కూర్చుంది." ఫారాన్ని అడ్డంగా చించాడు. "బయటికి రావాల్సిన భావం నాదే. మీరంటే నాకిష్టం."

ఆవిడ క్లిప్పు పొద్దుటి నుంచీ 'భయం' మీదే ఉంది. దాన్ని తీసి 'సంతోషం' మీద పెట్టింది. అసూయ మీదున్న సారు క్లిప్పునీ తెచ్చి, దాని పక్కనే పెట్టింది.

చెల్లెలు లేచి నిలబడింది. "అయితే అక్కా, ఇక సారుని ఒత్తూ సున్నా తీసేసి పిలవొచ్చా?"

"బడిలో సారే!" అంది ఆవిడ, ఎర్రబడిన మొహాన్ని బోర్డు వైపు తిప్పుకుంటూ. "గంట కొట్టాక నీ ఇష్టం."

ఆ మాట పూర్తికాకముందే గంట ఖంగుమంది.