నాలుగో స్ట్రోక్

తుఫానుకు భీమిలి తీరంలో దారివిద్యుత్తు తెగిపోయింది. బండికీ, పొయ్యికీ, దీపానికీ రోడ్డు నుంచే శక్తి అందే కాలమది. జనం నిప్పు వెలిగించి రెండు తరాలు దాటింది. పాత యంత్రాలను ప్రదర్శించే యంత్రశాలలో తలదాచుకున్నవాళ్ల మధ్య, నెలలు నిండకుండా పుట్టిన హేమ కూతురు ఉన్న వెచ్చపెట్టె చల్లబడుతోంది.

"ఏటి పిల్లా, ఇన్నాళ్లూ ఆ ఇంజనుని సూపించి కబుర్లు సెప్పినావు. తిప్పవే సూద్దాం!" అంది వాళ్లలో ఉన్న ఎర్నమ్మ, సువర్చలతో.

సువర్చల ఆ యంత్రశాల వివరణకర్త. ఏటా ఆయుధపూజనాడు పాత పెట్రోలు జనరేటరును ముంగిట్లోకి తెచ్చి తిప్పుతారు. ముంగిట్లోకే ఎందుకని ఎవరూ అడగరు, ఆచారం.

"ఈ వానలో ఆచారమేంటమ్మా!" అని నవ్వి, మూసిన షట్టర్ల వెనకే తాడు లాగింది. ఇంజను గర్జించింది. పెట్టెలో దీపం వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆమెకు హుషారొచ్చింది.

"పిస్టన్ కిందికి దిగి గాలినీ పెట్రోలు ఆవిరినీ పీలుస్తుంది. పైకొచ్చి వాటిని నొక్కుతుంది. నిప్పురవ్వ పడగానే ఆ ఆవిరి భగ్గుమని పిస్టన్‌ని కిందికి తంతుంది. ఆ తన్నుకే ఇరుసు తిరుగుతుంది. నాలుగో స్ట్రోకులో మళ్లీ పైకొచ్చి, మిగిలిన పొగని బయటికి నెట్టేస్తుంది."

"బయటికంటే?" ఎర్నమ్మ ఆవులించింది. "ఇక్కడికే గదే?"

సువర్చల తల తిప్పి చూసింది. చుట్టూ తలలు వాలిపోతున్నాయి. పెట్టె మీద చెయ్యి వేసి హేమ పడిపోయింది. తన కణతలూ పగిలిపోతున్నాయి. ముంగిలి ఎందుకో అప్పుడు తెలిసింది.

షట్టరెత్తి, ఇంజనును వసారాలోకి నెట్టింది. పెట్టె తీగ అక్కడిదాకా అందింది. మొదట్లోనూ అందేదే.

ఒక్కొక్కరినే గాలిలోకి ఈడ్చింది. ఎర్నమ్మ దగ్గుతూ లేచింది. పసిగుడ్డు కెవ్వుమంది.

"బయపడి సొమ్మసిల్లిపోనాం గావాల," అన్నారెవరో. "ఈ పిల్ల కాసింది."

తేరుకున్న హేమ బిడ్డను గుడ్డలో చుట్టి సువర్చల ముందుకు చాపింది. "దీనికి నీ పేరే ఎడతానప్పా. ఎత్తుకో."

సువర్చల చేతులు వెనక్కి దాచుకుంది. ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు.

"వద్దు హేమా. భయం కాదు. మీ అందరికీ విషం పట్టించింది నేనే."

హేమ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత బిడ్డను గుండెకు హత్తుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది.