నేలమాళిగలోకి దిగిన మనిషి

వీరులపాడు దాటాక ఎర్రనేలలో ఉంది మా ద్రాక్షతోట. మా మామయ్య జగన్నాథరావు గారి తాత యానాంలో ఫ్రెంచివాళ్ళ ఇంట్లో పనిచేసి, వైన్ చేయడం నేర్చుకుని వచ్చి వేసిన తోట. చుట్టుపక్కల అందరూ పత్తికీ మిరపకీ మారినా మావాళ్ళు తీగలు పీకలేదు. రసం పులిసే నేలమాళిగలోకి పనివాళ్ళని దిగనివ్వరు. ఇంటి మగవాళ్ళే దిగాలి. అంత పట్టుదల మనుషులు.

రసం పులిసే రోజుల్లో కింద గాలి చెడుతుంది. అందుకే ముందు తాడుకి లాంతరు కట్టి దింపుతారు. అది ఆరిపోతే ఆ రోజుకి ఎవరూ దిగరు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు లేదు. పీపా కారుతోందేమోనన్న కంగారులో మా ఆయన కిషోర్‌బాబు లాంతరు దింపకుండానే, సెల్‌ఫోన్ వెలుతురుతో దిగిపోయారు. నేను పైమెట్టు మీద నిలబడ్డాను. కింద నుంచి పులిసిన వాసన, తడిమట్టి వాసన కలిసి వస్తున్నాయి. ఎక్కడో చుక్కచుక్కగా కారుతున్న చప్పుడు. కాసేపటికి ఫోన్ వెలుతురు కనబడలేదు. చప్పుడూ ఆగింది.

"ఏమండీ?"

"వస్తున్నా ప్రియా."

ఎంతకీ రాలేదు. మళ్ళీ పిలిచాను.

"వస్తున్నా ప్రియా." అదే గొంతు. అదే నిదానం.

భయమేసి మామయ్యని కేకేశాను. ఆయన వచ్చి, ఏమీ అడక్కుండా లాంతరు వెలిగించి దింపారు. సగం దూరం కూడా పోలేదు... ఆరిపోయింది.

వెంటనే ఫైరింజన్‌కి ఫోన్ చేశారు. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దిగబోయాను. మామయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"దిగకమ్మా," అన్నారు గుసగుసగా. "పలికేది వాడు కాదు."

"ఆయన గొంతే కదా మామయ్యా..."

"మా నాన్న కూడా ఇందులోనే పోయాడు. శవాన్ని పైకి తెచ్చి అరుగు మీద పడుకోబెట్టాక కూడా, కింద నుంచి నన్ను పేరుపెట్టి పిలిచాడు."

కింద నుంచి మళ్ళీ...

"ప్రియా... చెయ్యి అందించు."

నేను కదల్లేదు. మామయ్య మాట నమ్మాను.

"చెయ్యి అందించు..."

చెవులు మూసుకున్నాను. అయినా వినబడుతూనే ఉంది. పోనుపోను ఆ గొంతు సన్నబడింది. ముసలివాళ్ళ గొంతులా వణికింది. తర్వాత... ఏమీ లేదు.

నందిగామ నుంచి ఫైరింజన్ వచ్చింది. మాస్కులు కట్టుకున్న ఇద్దరు దిగి, ఆయన్ని మోసుకొచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ప్రాణం లేదు.

"దిగి ఎంతసేపైందమ్మా?" అని అడిగాడు వాళ్ళలో ఒకతను.

"ఇందాకేనండి."

అతను నా వంక వింతగా చూశాడు. టార్చి ముఖం మీదికి తిప్పాడు.

మా ఆయన పొద్దున్నే గడ్డం గీయించుకుని వచ్చారు. స్ట్రెచర్ మీది మనిషి వేలికి మా పెళ్ళి ఉంగరమే ఉంది. తెల్లటి గడ్డం గుండెల దాకా పెరిగి ఉంది.

ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.