దొరగారి నాయనమ్మ బొమ్మ

1887 జూలై 9, శనివారం. ఉదయం ఎనిమిదింపావు.

రాజమహేంద్రవరంలో బడి నడుపుతున్న అమెరికా దొర హోవెల్ ఇంట్లో ఆయన నాయనమ్మ మాయమైంది.

మనిషి కాదు లెండి, బొమ్మ. ఎనభై ఏళ్ల కిందట వాళ్ల దేశంలో ఏనుగు దంతపు రేకు మీద రాయించినది. అరచేతిలో ఇమిడేంత. చుట్టూ బంగారు చట్రం, వెనక గాజు కింద ఆవిడ జుట్టు పాయ. పోయిన పెద్దల జుట్టు అలా దాచుకోవడం వాళ్ల ఆచారమట. ఆరింటికి దొర బడికి వెళ్లేటప్పుడు అది బల్ల మీదే ఉంది. పక్కనున్న తాతగారి బొమ్మ జోలికి ఎవరూ పోలేదు.

తొమ్మిదికల్లా దొంగ దొరికింది. ఇల్లు తుడిచే లోవమ్మ బుట్టలో, గుడ్డ మూటలో, చట్రం! హెడ్ కానిస్టేబుల్ ఆమె చెంప వాచేలా కొట్టి లాకప్‌లో తోశాడు. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఈలోగా ఆమె ఉండే జాలరిపేట పెద్దలు ఆమెను వెలి కూడా వేసేశారు. ఏం తొందరో మనుషులకి!

ఇన్‌స్పెక్టర్ పల్లంరాజుకు ఒళ్లు మండింది. చట్రం ఖాళీ. బొమ్మా లేదు, జుట్టూ లేదు. బంగారం ఎత్తుకెళ్లే మనిషికి ముసలమ్మ జుట్టుతో ఏం పని? హెడ్డు హడావిడిలో గుడ్డ చింపి చట్రం లాగాడు గనక మూటకు కట్టిన తాడు ముడి మాత్రం చెక్కుచెదరలేదు.

రెండున్నరకు లోవమ్మను లాకప్‌లోంచి రప్పించి, దొర ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాడు. ఉదయం ఇంట్లో ఉన్న ముగ్గురికీ తలొక గుడ్డా, తాడూ ఇచ్చి మూట కట్టమన్నాడు.

లోవమ్మది వలలు అల్లిన చెయ్యి. ఆమె బిగిస్తే కత్తి పెట్టి కోయాల్సిందే. వంటవాడు సత్తియ్య పీటముడి మీద పీటముడి వేశాడు. దొరసాని అలవాటు కొద్దీ బూటు తాళ్ల ముడి వేసింది. ముడికి అటూ ఇటూ కుందేలు చెవుల్లా నిలిచిన రెండు మడతలూ సమానంగా ఉన్నాయి.

పల్లంరాజు చిరిగిన మూట తెచ్చి దాని పక్కన పెట్టాడు. దానికీ అవే రెండు చెవులు.

"లోవమ్మా, రోజూ తుడిచేదానివి. ఆ జుట్టు ఎలా ఉండేది?"

"నల్లగా, ఉంగరాలు ఉంగరాలుగా ఉండేదండి. తాతగారి బొమ్మ వెనకాలది పసుప్పచ్చగా, తిన్నగా ఉంటాదండి."

దొర కుర్చీలో కూలబడ్డాడు. తన నాయనమ్మ తల్లి నల్లజాతి బానిస అని చెప్పాడు. చిత్రకారుడు మొహం తెల్లగా రాశాడు గానీ జుట్టు మార్చలేకపోయాడు. ధవళేశ్వరంలో ఉన్న ఇంగ్లీషు ఇంజనీరుతో కూతురి పెళ్లి కుదిరింది. కాబోయే అత్తగారు సోమవారం చూడవస్తోంది. ఆవిడ ఆ జుట్టు చూసి సంగతి పోల్చుకుంటే పెళ్లి చెడుతుందని బొమ్మనూ జుట్టునూ గోదావరిలో పడేశానని దొరసాని ఒప్పుకుంది. దొంగ లేకపోతే భర్త వెతకడం మానడని చట్రం లోవమ్మ బుట్టలో పెట్టిందట.

"మీ అమ్మాయి పెళ్లికి ఈవిడ బతుకు తగలెట్టారన్నమాట," అన్నాడు పల్లంరాజు.

దొర నాయనమ్మ కోసం ఏడ్చాడు. లోవమ్మ వైపు చూడనైనా లేదు. ఏడ్చి, మొహం తుడుచుకుని, స్టేషన్‌కు కాగితం రాశాడు: సొత్తు దొరికింది, పనిమనిషిని క్షమించాను, కేసు వద్దు. నిజం రాయమని పల్లంరాజు ఎంత చెప్పినా వినలేదు. పల్లంరాజు పై అధికారి ప్రతి ఆదివారం ఆ ఇంట్లోనే భోంచేస్తాడు.

మూడూ నలభైకి స్టేషన్లో ఆ కాగితం లోవమ్మకు చదివి వినిపించాడు.

"క్షమించారంటే నేను తీసినట్టేగా బాబుగారూ? పేటలో నేనేం చెప్పుకోనండి?"

ఛీ, ఏం ఉద్యోగం ఇది! పల్లంరాజు కాగితం కింద సంతకం పెట్టాడు. ఇక ఇంటికి వెళ్లమన్నాడు.

ఆమె స్టేషన్ మెట్ల దాకా వెళ్లి, అక్కడే కూర్చుండిపోయింది.