పందెం పైసలు అందుకున్న చెయ్యి

జొన్నల కుండ వాకిట్లో బద్దలయ్యేసరికి నీలమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

"ఇందుల గూడ పైసలు లేవు," అన్నాడు సాయిలు, చేతుల దుమ్ము దులుపుకుంటూ. "ఇగ చెప్పు. యాడ దాచినవ్?"

"దాస్తే గద చెప్పెతందుకు. కుండలన్నీ ఒడిసినయ్. ఇగ ఇంటి కప్పు పీకి సూడు, జర గాలన్న వస్తది."

సాయిలు ఆమె మొగుడు. ఖాజాగూడ గుట్టల్లో రాళ్ళు కొట్టేవాడు. మామూలుగా మెత్తని మనిషే కానీ, ఈ పొద్దున వాకిట్లో జీపు ఆగినప్పటి నుంచి అతనికి పూనకం వచ్చినట్టుంది. జీపులో వచ్చినాయన అరుగు మీది నులకమంచంలో కూర్చుని ఈ గోలంతా ఇబ్బందిగా చూస్తున్నాడు. పేరు సోమేశ్వరరావు. పరుగు పందేలు నడిపే సంఘానికి కార్యదర్శి.

"కుండలు పగలగొడితే ఏం లాభమయ్యా?" అన్నాడాయన. "నేను దొంగతనం విచారించడానికి రాలేదు. పందెం డబ్బు ఎవరు తీసుకున్నారో తెలిస్తే చాలు. మధ్యాహ్నం కమిటీ కూర్చుంటుంది. ఆలోగా తేలకపోతే మీ తమ్ముడి పేరు కొట్టేస్తారు. రాత్రి ఢిల్లీ బండిలో అతని చోట ఇంకొకడు ఎక్కుతాడు."

ఆ తమ్ముడు ఎల్లేశం. గుమ్మం పక్కన బండరాయికి ఆనుకుని, ప్రయాణానికి సర్దుకున్న రేకుపెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతనికి పరుగు నేర్పినవాడు లేడు. ఇంటి నుంచి పుప్పాలగూడ దాకా, అక్కడి నుంచి మళ్ళీ గుట్టల మీదుగా ఇంటికి, తెల్లవారకముందే ఉరికి వచ్చేవాడు. ఆశ్వయుజంలో నగరంలో పెద్ద మారథాన్ పందెం జరిగింది. విదేశాల నుంచి వచ్చినవాళ్ళు ముందు నిలిచారు. మన దేశపువాళ్ళలో ఎల్లేశమే మొదటివాడు. స్వదేశీ పరుగుగాళ్ళలో మొదట వచ్చినవాడికి ఒక సైకిళ్ళ కంపెనీ నగదు బహుమతి ప్రకటించింది. అయితే 1973లో నిబంధన వేరు. పందేనికి డబ్బు తీసుకున్నవాడు ఇక ఎప్పటికీ దేశం తరఫున పరిగెత్తడానికి వీల్లేదు. అందుకే ఎల్లేశం వేదిక మీద చేతులు జోడించి, డబ్బు వద్దన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. దేశం జట్టు శిబిరానికి పిలుపు వచ్చింది.

ఇప్పుడు అతని వెనక వచ్చినవాడు ఫిర్యాదు పెట్టాడు. వేదిక మీద వద్దన్న డబ్బును ఎల్లేశం ఇంటివాళ్ళు తర్వాత కంపెనీకి వెళ్ళి తీసుకున్నారట.

"ఒక ఆడమనిషి వచ్చిందని గుమాస్తా చెప్పాడు," అన్నాడు సోమేశ్వరరావు. "ఎల్లేశం ఇంటి మనిషిని అందిట. కొంగు కిందికి లాక్కుంది కాబట్టి ముఖం చూడలేదుట. చేతిలో సీతాఫలాల గంప ఉందిట."

సీతాఫలాల గంప. ఆ మాట రాగానే ఇంటిల్లిపాదీ నీలమ్మ వైపు తిరిగారు. గుట్టల మీద కాసిన పండ్లు కోసుకుని దినాం మెహిదీపట్నం పోయి అమ్మేది ఆమెనే.

"సారూ," అంది నీలమ్మ పళ్ళు బిగబట్టి. "ఈ ఇంట్ల పైసలు అందుకునే చెయ్యి నాది గాదు. పండ్లమ్మిన పైసలు గూడ అత్తమ్మ చేతిలనే పోస్త. నాకు రిబ్బన్ కావాల్నన్నా ఆమెనే అడగాలె."

అది నిజం. మామ రామన్న బతికున్న రోజుల్లో వారం కూలి కల్లు దుకాణం దాటి ఇంటికి వచ్చేది కాదు. చూసి చూసి క్వారీ మేస్త్రి ఒక పద్ధతి పెట్టాడు. శనివారం శనివారం ఆ ఇంటి కూలంతా అత్త సీతాబాయి చేతిలోనే వేసేవాడు. మామ పోయినా పద్ధతి పోలేదు. కొడుకులిద్దరూ సమ్మెట పట్టారే కానీ ఒక్క శనివారమూ కూలి అందుకోలేదు. సీతాబాయి ఎవరి కష్టం వాళ్ళ గుడ్డలో మూట కట్టేది. సాయిలుది పాత రుమాలు ముక్కలో, నీలమ్మది ఆమె పెళ్ళిచీర ముక్కలో. తిండికి పోగా మిగిలింది ఆ ముడిలోంచి ఎక్కడికీ కదిలేది కాదు.

"వదినె," అన్నాడు ఎల్లేశం. పొద్దున్నుంచి అతను మాట్లాడటం అదే మొదలు. "నేను ఉరికొస్తే ఎదురొచ్చి గంజి ఇచ్చినదానివి నువ్వు. నువ్వే గిట్ల జేస్తవా?"

"నేను చెయ్యలే అంటున్న గద."

"మరి నా నంబరు గుడ్డ ఏది? పందెంల ఛాతీ మీద కట్టుకున్నది. పెట్టెల పెట్టుకుందామంటే అది గూడ మాయమాయె. అన్నీ నీ చేతుల మీదనేనాయె."

"ఎలుకలు గుంజుకపోయినయేమో బిడ్డా," అంది సీతాబాయి మెల్లగా.

ఎల్లేశం వినిపించుకోలేదు. మొగుడు తిడితే నీలమ్మ తిరిగి తిట్టగలదు. ఈ పిల్లాడిని ఏమనగలదు? తాను కాపురానికి వచ్చినప్పుడు వాడు ముక్కు తుడుచుకోవడం కూడా తెలియని వయసులో ఉన్నాడు. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలి? గోడకు చెప్పినా ఈపాటికి నమ్మేది.

సీతాబాయి కిందికి వంగి, ఒలికిన జొన్నలు చేటలోకి ఎత్తడం మొదలుపెట్టింది. ఆమె పొద్దున్నుంచి చేస్తున్న పని అదే. సాయిలు పారబోయడం, ఆమె ఎత్తడం. ఆమె మళ్ళీ వంగినప్పుడు పైట పక్కకు జరిగింది. రొండిన దోపుకున్న ముడి ఒకటి బయటికి పొడుచుకువచ్చింది. తెల్లటి గుడ్డ. దాని మీద నల్లరంగుతో దిద్దిన అంకె తోక.

నీలమ్మ చూపు దాని మీదే ఆగింది.

ఎవరి కష్టం వాళ్ళ గుడ్డలో.

పందెమైన తర్వాతి వారం తనకు జ్వరం తగిలింది. లేవలేకపోతే గంప నెత్తిన పెట్టుకుని మెహిదీపట్నం పోయింది ఎవరు? అత్తమ్మ. ఆ రోజు చీకటి పడేదాకా రాలేదు. పండ్లు పోలేదు, అందుకే ఆలస్యమైందని అంది. ఇంట్లో కుండలన్నీ వెతికారు కానీ తల్లి రొండిని వెతకాలని ఏ కొడుక్కు తడుతుంది?

నోరు తెరిస్తే అయిపోతుంది. చెయ్యి చాపి చూపిస్తే చాలు. నీలమ్మ సోమేశ్వరరావు వైపు తిరిగింది.

"సారూ, పైసలు తీసుకున్నది ఎవరో తెలిస్తే మా ఎల్లేశం పోతడా?"

"తీసుకున్న మనిషి తానే ఒప్పుకోవాలమ్మా. అబ్బాయికి తెలియకుండా తీసుకున్నానని చెప్పి, ఆ డబ్బు తిరిగి ఇచ్చెయ్యాలి. అప్పుడు కమిటీని నేను ఒప్పిస్తాను."

"ఇంకొకరు ఆమె పేరు చెప్తే?"

"ఇంట్లో ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారంటారు. అది పనికిరాదు."

నీలమ్మ అత్త వంక చూసింది. సీతాబాయి తల ఎత్తలేదు. జొన్నల్లో రాళ్ళు ఏరుతున్నట్టు నటిస్తోంది కానీ ఏరిన రాళ్ళనే మళ్ళీ చేటలో వేస్తోంది. చెప్పవేమే ముసల్దానా, అని లోపల అరిచింది నీలమ్మ. నీ కొడుకు బతుకు కదా. ఎంతసేపు చూసినా ఆ నోరు పెగల్లేదు. జీపు డ్రైవర్ బండి తిప్పి పెట్టాడు. సోమేశ్వరరావు గడియారం చూసుకుని లేచాడు.

"నేనే తీసుకున్న," అంది నీలమ్మ.

జీపు వైపు అడుగు వేసిన సోమేశ్వరరావు వెనక్కి తిరిగాడు.

"ఎల్లేశంకు తెల్వదు. గా గంప నాదే గద. నేనే తీసుకున్న. రాసుకోండ్రి."

"మరి డబ్బు?"

నీలమ్మ అత్త ముందుకు వెళ్ళి చెయ్యి చాపింది. "అత్తమ్మా, ఏమో మూట దాచిపెట్టు అని ఇచ్చిన గద నీకు. ఏం మూటనో నీకు చెప్పలే. అది ఇయ్యి. సారుకు ఆలస్యమైతుంది."

సీతాబాయి తల ఎత్తింది. కోడలి కళ్ళలోకి చూసింది. ఆమెకు అర్థమైంది. రొండి మీదికి చెయ్యి పోయింది కానీ అక్కడే ఉండిపోయింది.

ఈలోగా సాయిలు ఊగిపోయాడు. "పొద్దటిసంది లే లే అని నాతోని కుండలు పగలగొట్టిచ్చి..." అంటూ చెయ్యి ఎత్తాడు. నీలమ్మ జరగలేదు. దెబ్బ కంటే ముందు ఎల్లేశం మాట తగిలింది.

"కొట్టకు అన్నా. ఇడిసిపెట్టు. ఇగ గీమె చేతి గంజి నేను తాగ. ఈ ఇంటికే రాను."

ఎత్తిన చెయ్యి కిందికి దిగలేదు. సీతాబాయి చేట పారేసి వచ్చి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. జొన్నలు మళ్ళీ వాకిలంతా ఒలికాయి.

"నా కోడల్ని అనకుండ్రి," అంది. "గది అబద్ధమాడుతుంది."

రొండిలోని ముడి తీసి మంచం మీద పెట్టింది. ఎల్లేశం ఛాతీ మీద కట్టుకున్న నంబరు గుడ్డ. ముడి మీద ముడి. ఒక్క నోటు కూడా కదిలినట్టు లేదు.

"అవ్వా," అన్నాడు ఎల్లేశం. ఒళ్ళోని రేకుపెట్టె కింద పెట్టాడు.

"నువ్వు దండం పెట్టి వద్దన్నవని చెప్పిన్రు బిడ్డా. మా ఇంట్ల పిల్లలు కూలి అందుకోరు గద, అందుకే వద్దన్నడు, తల్లి పోతే ఇస్తరు అనుకున్న. పోయిన. ఇచ్చిన్రు. నీ కష్టం నీ గుడ్డల గట్టి పెట్టిన. నీ పెండ్లికని." సీతాబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇయ్యాల ఈ సారు వచ్చి చెప్తే తెలిసింది, నీ కాళ్ళు నేనే ఇరగ్గొట్టిన్నని. భయమైంది. నిన్ను పోగొట్టుకుంటనని నోరు రాలే. దీన్ని తిడుతుంటే జొన్నలు ఏరుకుంట కూసున్న."

ఎల్లేశం లేచి వచ్చి నీలమ్మ ముందు నిలబడ్డాడు. కిందికి వంగి ఆమె కాళ్ళ దగ్గర ఒలికిన జొన్నలు దోసిటితో ఎత్తడం మొదలుపెట్టాడు. పొద్దున్నుంచి రాని ఏడుపు నీలమ్మకు అప్పుడొచ్చింది. సాయిలు ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల వెనక గోక్కున్నాడు.

సోమేశ్వరరావు మళ్ళీ మంచంలో కూర్చుని కలం మూత తీశాడు. "డబ్బు తీసుకున్నవాళ్ళ పేరు చెప్పమ్మా. నీ నోటితోనే చెప్పాలి."

సీతాబాయి కోడలి చెయ్యి పట్టుకుంది. ఊరంతా వినేలా గొంతెత్తింది.

"సీతాబాయి. ఎల్లేశం తల్లిని. నేను."