మెట్టు రాతిలో నక్షత్ర చేప

శనివారం వస్తే మాడిసన్‌లో శాసనసభ భవనం చుట్టూ సంత. అక్కడ డోరిస్ పిన్ని చీజ్ కొట్టులో అనెలీస్ రెండేళ్లుగా అమ్మకానికి నిలబడుతోంది గాని, ఎదురుగా ఉన్న భవనంలోకి ఒక్కసారీ అడుగు పెట్టలేదు. ఒక శనివారం పిన్నికి జాలి కలిగి రెండింటిదాకా సెలవిచ్చింది.

భవనం లోపల అనెలీస్ మెట్ల మీద మోకాళ్లూని, టార్చి వేసి రాతిని పరీక్షిస్తోంది. సందర్శకులను సాగనంపి వస్తున్న గైడు నోలన్ ఆమె కాలు తట్టుకుని పడబోయాడు.

“ఏమైనా పోగొట్టుకున్నారా?”

“లేదు. ఈ రాళ్లలో నక్షత్ర చేప శిలాజం ఉందట. ఎక్కడో తెలుసా?”

నోలన్‌కి తెలుసు. పైనున్న మెట్ల మలుపులోనే ఉంది. కానీ ఆమె కళ్లలో ఆత్రం చూశాక నోరు మరోలా తిరిగింది. “వెతకాలండీ,” అన్నాడు.

వెతికారు. ప్రతి అంతస్తులోనూ ఆమె ఏదో ఒకటి అడిగేది. ఈ ఎర్ర రాయి ఏ ఊరిది, ఇత్తడి పిడులు ఎవరు తోముతారు, గుమ్మటం లోపలి బొమ్మకు రంగు వేసినవాడికి మెడ నొప్పి పుట్టలేదా. నోలన్ తెలిసినవి చెప్పాడు, తెలియనివి పోయి కనుక్కొచ్చాడు. పై అంతస్తు కిటికీలోంచి ఊరి సరస్సు మెరుస్తూ కనిపిస్తే ఆమె చాలాసేపు అటే చూసింది.

ఒంటిగంట దాటాక అతనికి మనసు ఊరుకోలేదు. మలుపు దగ్గరికి తీసుకెళ్లి చేపను చూపించాడు. పొద్దుటినుంచీ తెలుసని ఒప్పుకున్నాడు.

“చూపించేస్తే వెళ్లిపోతారనిపించింది.”

అనెలీస్ చేప మీద పెట్టిన వేలు తీసేసింది. “మీకిది సరదా. నాకు రెండేళ్లకు దొరికిన ఒక్క పూట. ఇది చూసి సరస్సు దాకా నడుద్దామనుకున్నాను.”

వెనక్కి చూడకుండా దిగిపోయింది.

మరుసటి శనివారం పొద్దున్నే నోలన్ కొట్టు ముందు నిలబడ్డాడు. జరిగింది దాచకుండా పిన్నికి చెప్పి, అనెలీస్ సరస్సు చూసి వచ్చేదాకా తాను అమ్ముతానన్నాడు. పిన్ని అతన్ని ఎగాదిగా చూసి ఏప్రన్ చేతికిచ్చింది. అనెలీస్ ఒక్కతే వెళ్లింది.

పదకొండింటికి తడిసిన బూట్లతో తిరిగొచ్చేసరికి, నోలన్ ఒక ముసలాయనకు చీజ్ పుట్టుపూర్వోత్తరాలు వివరిస్తున్నాడు. వెనక జనం బారులు తీరి ఉన్నారు.

“ఒక నల్ల పక్షి నీళ్లలో మునిగింది,” అంది ఆమె. “అరవై లెక్కపెట్టినా పైకి రాలేదు. అదేం పక్షి?”

“తెలీదు.”

“ఇది నమ్మొచ్చా?”

“నమ్మొచ్చు. చూస్తేగాని చెప్పలేను.”

పిన్ని వచ్చి అతని ఏప్రన్ ముడి విప్పింది. “ఇతను ఇక్కడుంటే సాయంత్రానికి కూడా సరుకు కదలదు. సరస్సుకి తీసుకుపోవే. రెండింటికి మన బండి బయల్దేరుతుంది, టైము నువ్వే చూసుకో, ఇతన్ని అడక్కు.”

అనెలీస్ అప్పటికే నడక మొదలుపెట్టింది. వీధి మలుపులో మాత్రం ఆగి, అతను వచ్చేదాకా నిలబడింది.