గుంతలో పాడిన గొంతు

సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, క్యాసెట్ రెండో వైపుకు తిప్పాను.

పత్రిక డెస్కులో పనిచేసి రిటైరైన మనిషిని. డెత్ మెటల్ అనే అరుపుల సంగీతం పిచ్చి మాత్రం ఉద్యోగం కంటే పాతది. హన్మకొండలో మా ఇంట్లో టేప్ రికార్డర్ ఇంకా పనిచేయడానికి అదే కారణం.

క్యాసెట్ పేరు 'గుంత'. కొత్తవాడ అన్నదమ్ములు ఉమాకాంత్, బాలరాజు చేశారు. గిటార్లు, డ్రమ్స్ అన్న ఉమాకాంత్‌వి, గొంతు తమ్ముడు బాలరాజుది. పాత పద్ధతిలో అంతా టేపు మీదే పట్టారు. గిటార్ల మోత తడిమట్టిలా బరువుగా ఉంది. డ్రమ్స్ రెండు మూడు చోట్ల తడబడ్డాయి. దిద్దలేదు. నాకు నచ్చింది అదే. ఇప్పుడొచ్చే రికార్డింగులు తోమిన స్టీలు గిన్నెల్లా ఉంటాయి. చేతికి ఏదీ అంటదు.

బాలరాజు గొంతు మాత్రం మనిషి గొంతులోంచి వచ్చినట్టు లేదు. నేల కిందినుంచి వచ్చినట్టుంది.

అదెలా వచ్చిందో నాకు తెలుసు. వాళ్ల నాన్న పర్శరాములు జంపఖానాలు నేసేవాడు. గుంతలో కాళ్లు పెట్టి, గట్టు మీద కూర్చుని నేసే మగ్గం. ఆయన పోయేనాటికి జంపఖానా సగంలో ఉంది. పోయినవాడి పడుగు, అంటే మగ్గానికి బిగించిన నిలువు దారాలు, కోసి తీశాకే ఇంకొకరు ఆ గుంతలో కాలు పెట్టాలన్నది వాళ్లింటి పద్ధతి. బాలరాజు కోయనివ్వలేదు. బిగిసిన ఆ దారాలు తన గొంతుకు వంత పలుకుతున్నాయన్నాడు. మైకు గుంతలోకి దింపి, నాన్న చోట కూర్చుని పాడాడు.

"తెగిన పోగు ముడేసుడు రాదు గని సారూ, మగ్గంల కూసోని బర్రె లెక్క ఒర్రుతాండు," అని తల్లి రాములవ్వ నాతో అని నవ్వింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే బాలరాజు పడిపోయాడు. ఇప్పుడు దవాఖానలో ఉన్నాడు. స్పృహ లేదు, ఊపిరి ఒక్కటే ఆడుతోంది. రోగమేమిటో డాక్టర్లు చెప్పలేకపోయారు. క్యాసెట్ మీద నాలుగు మంచి మాటలు రాసిస్తే తమ్ముడి చెవిలో చదువుతానన్నాడు ఉమాకాంత్. అందుకే మళ్లీ వింటున్నాను.

చివరి పాట. గిటార్లు ఆగిపోయాయి. గొంతు కూడా అక్కడే ఆగాలి. నిన్న ఆగింది.

ఇవాళ ఆగలేదు...

ఆ గొంతు కింద చెక్క మీద చెక్క పడుతున్న చప్పుడు. టక్... టక్... గదిలోకి నూలుకు పెట్టే గంజి వాసన వచ్చింది. వెనకే పచ్చి మట్టి వాసన.

ఫోన్ మోగింది.

"కాకా, ఏం జేస్తానవ్?" ఉమాకాంత్. గుసగుసగా.

"మీ క్యాసెట్టే ఇంటున్న."

"ఆపు."

"ఏందిరా?"

"ఆపు కాకా, నీ కాళ్లు మొక్కుత. తమ్మునికి ఊపిరి అందుతలేదు. పొద్దుగాల పరకాలల మా దోస్తు మహిపాల్ ఇదే క్యాసెట్ పెట్టిండు, గప్పుడు గిట్లనే అయింది. ఇయ్యాల్టి సంది ఎవలు పెట్టినా గంతే..."

మీట నొక్కాను. చప్పుడు ఆగింది. ఫోన్‌లో రాములవ్వ ఏడుపు వినిపించింది. కాసేపటికి ఉమాకాంత్ అన్నాడు: "వచ్చింది కాకా. ఊపిరి వచ్చింది."

నేను దేన్నీ తొందరగా నమ్మను. ఆ సాయంత్రం నమ్మాను.

అన్నదమ్ములు పంచిన క్యాసెట్లు కొన్నే. వాటిని వెనక్కి తీసుకోవడానికి ఉమాకాంత్ బండి వెనక కూర్చుని ఇంటింటికీ తిరిగాను. హసన్‌పర్తిలో ఒక కాలేజీ పిల్లగాడు క్యాసెట్ జేబులో పెట్టుకుని నవ్వాడు. "పాట ఇంటే మనిషి సస్తాడా? మస్తు పబ్లిసిటీ అన్నా!" ఉమాకాంత్ నడిరోడ్డు మీద వాడి కాళ్లు పట్టుకున్నాడు. వాడు నవ్వు ఆపి ఇచ్చేశాడు. దారిలోనే దవాఖాననుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. ఇంకెక్కడో ఎవరో వింటున్నారు. ఎవరో తెలియదు. బండి నడుపుతూనే ఉమాకాంత్ పెద్దగా ఏడ్చాడు.

రాత్రికి మిగతావన్నీ చేతికొచ్చాయి. మహిపాల్ ఒక్కడు దూరమున్నాడు. తనది తానే కాల్చేస్తానన్నాడు.

మర్నాడు పొద్దున కొత్తవాడ ఇంటి వెనక అన్నీ కుప్పపోసి కాల్చాం. అసలు టేపు కూడా. లోపల రాములవ్వ కత్తెరతో పడుగు కోసింది. మంట ఇంకా ఆరకముందే ఫోన్... బాలరాజు కళ్లు తెరిచాడు.

ఇంటికి తెచ్చారని తెలిసి వెళ్లాను. వీధిలోకే మగ్గం చప్పుడు వినిపించింది. రాములవ్వ గడప బయట కూర్చుని ఉంది. లోపలికి చూడడం లేదు.

"ఎవలు నేస్తాండ్రు?"

"బాలరాజే."

"వానికి రాదంటివి గదా?"

 రాములవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది: "వాళ్ల నాయన లెక్కనే నన్ను పేరు వెట్టి పిలుస్తాండు సారూ."

రెండు రోజుల తర్వాత మహిపాల్ ఫోన్ చేశాడు.

"సార్, ఏమనుకోకుండ్రి. కాల్చబుద్ధి కాలే. గంత మంచి రికార్డింగు... బాలరాజు మంచిగైండని నిన్న జర పెట్టి సూసిన."

"ఏమైంది?"

"ఆఖరి పాటల ఒర్రుడు లేదు సార్. బాలరాజు గొంతే, మామూలుగ మాట్లాడతాండు. 'అన్నా, ఆపకు... అన్నా, ఆపకు' అంటాండు."

"నువ్వేం జేసినవ్?"

"భయమైంది సార్. గప్పుడే కాల్చేసిన."